డ్యూటీ చేస్తున్నట్టుంది

పోయిన నెల మా వదిన నాలుగు రోజులు మా ఇంట్లో ఉంది. ఒక రాత్రి భోజనాలయ్యాక, "నీ జపాన్ సినిమాల్లో ఏదో ఒకటి పెట్టు, చూద్దాం. బాగోకపోతే నిద్రన్నా పడుతుంది" అంది. ఈ సినిమాలు ఎవరికి చూపించాలా అని పదేళ్లుగా మనిషి కోసం వెతుకుతున్నదాన్ని, ఇంక ఆగుతానా. మికియో నరుసే 1960లో తీసిన సినిమా పెట్టాను. 'స్త్రీ మెట్లెక్కే వేళ' అనుకోండి పేరు. టోక్యోలో గిన్జా అనే ఖరీదైన పేట, అక్కడ మేడ మీద ఒక బార్, దాన్ని నడిపే కెయికో అనే వితంతువు. రోజూ సాయంత్రం మెట్లెక్కి వెళ్లి వచ్చిన మగాళ్లందరికీ నవ్వు మొహం చూపించాలి. ఆ మెట్లెక్కడం తనకు అన్నిటికన్నా అసహ్యమని తనే వెనక నుంచి చెబుతూ ఉంటుంది. కెయికోగా వేసింది హిదెకో తకమినే.

ముప్పావుగంట గడిచాక వదిన అంది కదా, "ఈవిడ నటిస్తున్నట్టు లేదే. డ్యూటీ చేస్తున్నట్టుంది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. యుద్ధం తర్వాత జపాన్ సినిమాలో ఆమె అంతటి నటి ఇంకొకరు లేరని నా నమ్మకం, ఆ మాట నలుగురిలో చాలాసార్లు వాదించి మరీ చెప్పాను. సినిమా ఆపేసి, "మెచ్చుకుంటున్నారా, తిడుతున్నారా?" అని అడిగాను. "రెండూ కాదు. ఆ మెట్ల కింద ఆగి మొహం సర్దుకుంది చూడు. పొద్దున పదింటికి కౌంటర్లో కూర్చునే ముందు నేను చేసేది అదే" అంది. వదిన ఇరవై రెండేళ్లుగా బ్యాంకులో పనిచేస్తోంది.

ఆ మాట మీద నాలుగు వారాలుగా నాలో నేనే వాదించుకుంటున్నాను. మొదట్లో వదినకి సినిమాలు తెలీవు అనుకున్నాను. ఇప్పుడు నాకే తెలీలేదనుకుంటున్నాను. అదే ఈ పోస్టు.

పేరు కూడా తనది కాదు

తకమినే అసలు పేరు హిదెకో హిరయామా. 1924లో ఉత్తరాన హొక్కైదో దీవిలోని హకొదాతె ఊళ్లో పుట్టింది. నాలుగేళ్లప్పుడు తల్లి క్షయతో చనిపోతే మేనత్త పెంపకానికి తీసుకుని టోక్యో వచ్చేసింది. ఈ మేనత్త కొన్నాళ్లు బెన్షిగా పనిచేసిన మనిషి, అంటే మూకీ సినిమా ఆడుతుంటే తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి. ఆ పనిలో ఆమె పెట్టుకున్న పేరు హిదెకో తకమినే. అదే పేరు పిల్లకీ వచ్చింది. వారసత్వంగా నగలు ఇస్తారు, పొలాలు ఇస్తారు. ఈ పిల్లకి తెర పక్కన పాడుబడిపోయిన ఒక ఉద్యోగం పేరు దక్కింది.

1929లో పెంపుడు తండ్రి పిల్లని వీపున ఎక్కించుకుని కమతాలోని షోచికు స్టూడియో చూడ్డానికి వెళ్లాడు. ఆ రోజే అక్కడ 'హహ', అంటే 'అమ్మ', అనే సినిమా కోసం పిల్లల్ని వరసలో నిలబెట్టి ఎంచుకుంటున్నారు. ఈయనా తీసుకెళ్లి వరస చివర దింపాడు. ఆ పిల్లనే తీసుకున్నారు. అప్పటికి ఐదేళ్లు. అక్కడ మొదలైన పని 1979లో, తన 55వ ఏట తనే చాలించుకునేదాకా ఆగలేదు.

1934లో హకొదాతెలో ఊరు చాలా భాగం తగలబడిపోయింది, తాతగారి వ్యాపారమూ పోయింది, ఆ కుటుంబం బరువు కూడా వచ్చి ఈ పదేళ్ల పిల్ల మీదే పడింది. బడికి సరిగ్గా వెళ్లిందే లేదు. రైల్లో ఔట్‌డోర్‌కి వెళ్తుంటే తరగతి టీచరు స్టేషన్‌కి వచ్చి చేతిలో పిల్లల పుస్తకాలు పెట్టేవాడట, వాటితోనే అక్షరాలు నేర్చుకున్నానని తన ఆత్మకథలో రాసుకుంది. 1976లో పుస్తకంగా వచ్చిన ఆ ఆత్మకథకి జపాన్ వ్యాసకర్తల క్లబ్బు బహుమతి వచ్చింది. బడి లేకుండా నేర్చుకున్న అక్షరాలతో.

నటన తనకి ఇష్టం లేదని ఆవిడ దాచుకోలేదు. తిండి పెట్టాల్సిన నోళ్లున్నాయి, చేశాను, అన్నట్టే చెప్పేది. సినిమా పిచ్చివాళ్లం ఆ మాటని వినీ విననట్టు వదిలేస్తాం. పెద్దవాళ్లు అలాగే అంటారులే, వినయం అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఎందుకంటే మన బుర్రలో ఒకటి గట్టిగా కూర్చుంది: పని గొప్పగా చేశారంటే దాన్ని ప్రేమించే ఉంటారని. మా ఆఫీసులో ఆరు నెలలకోసారి ఒక ట్రైనర్ వచ్చి ఇదే మాట గంటన్నర చెప్పి, భోజనం చేసి వెళ్తాడు.

జీతం, అద్దె, కోడిగుడ్లు

ఆవిడ వేసిన పాత్రలు ఒకసారి వరసగా పెట్టి చూడండి. నరుసేతో మొదటి సినిమా 1941లో, పదిహేడేళ్ల వయసులో. అందులో పల్లెటూరి బస్సు కండక్టరు. 1952లో వచ్చిన 'ఇనజుమ', మెరుపు అని అర్థం, అందులో టోక్యో చూపించే బస్సులో గైడు. 1954లో కినోషితా అనే డైరెక్టరు తీసిన 'ఇరవై నాలుగు కళ్లు'లో షోదోషిమా దీవిలో బడి పంతులమ్మ. 1955లో 'ఉకిగుమో', తేలే మబ్బులు, అందులో టైపిస్టు. తర్వాత బార్ నడిపే మనిషి, కిరాణా కొట్టు నడిపే మనిషి. ప్రేమకథలు లేవని కాదు, ఉన్నాయి, గుండె పిండేసేవి ఉన్నాయి. కానీ ఆ ప్రేమకథలో కూడా నెలాఖరు వస్తుంది. అద్దె కట్టాలి.

1956 నాటి 'నగరేరు' చూడండి. అప్పుల్లో మునుగుతున్న గెయిషా ఇల్లు (గెయిషాలంటే పాటతో, ఆటతో అతిథుల్ని అలరించే ఆడవాళ్లు), తల్లిగా ఇసుజు యమదా, పనిమనిషిగా కినుయో తనకా. ఇద్దరూ మహానుభావులు, ఆ సినిమాలో తకమినేది పెద్ద పాత్రేం కాదు. గెయిషా అవ్వను పొమ్మన్న కూతురు. చివర్లో కింద గదిలో అమ్మ షమిసెన్ అనే తీగల వాద్యం వాయిస్తూ ఉంటుంది, ఈ ఇల్లు చేయిదాటిపోయిందని అమ్మకింకా తెలీదు. మేడ మీద కూతురు కుట్టుమిషన్ తొక్కడం నేర్చుకుంటూ ఉంటుంది. ఒక పక్క తీగ మోత, ఒక పక్క మిషన్ మోత. తకమినే మొహంలో బాధా లేదు, పౌరుషమూ లేదు. కుట్టు వంకరపోకుండా చూసుకుంటోంది, అంతే. ఇంకెవరన్నా అయితే అక్కడ ఒక్క కన్నీటి చుక్క రాల్చేవారు, మనమూ రాల్చేవాళ్లం.

మెట్ల సినిమాలోనూ అంతే. అన్నయ్య లాయరు ఖర్చులకి డబ్బడుగుతాడు, ఆ తర్వాత పోలియో వచ్చిన కొడుకు ఆపరేషన్‌కి అడుగుతాడు. ఆమె కోప్పడుతుంది, అరుస్తుంది, ఆ అరుపు మధ్యలోనే ఎంత ఇవ్వగలనో లెక్క వేసుకుంటోందని మనకి తెలిసిపోతుంది. కళ్లలో లెక్క. ఇది ఎవరూ నేర్పేది కాదు. పదేళ్లప్పటి నుంచి ఇంటిల్లిపాదీ చెయ్యి చాపి నిలబడితే వచ్చే చూపు అది. వదిన సరిగ్గా అక్కడే, "పాపం, ఇస్తుంది చూడు" అంది. ఇచ్చింది.

నా వాదన నాకే అడ్డం తిరిగే చోటు

కార్మికురాలిలా నటించింది అన్నట్టే చెప్పుకొచ్చాను కదా, ఇక్కడో చిక్కుంది. యుద్ధం అయిపోయిన ఏడాదికి, 1946లో, తోహో స్టూడియోలో పెద్ద సమ్మె జరిగింది. ఆ సమ్మె సమయంలో యూనియన్ నుంచి విడిపోయి బయటికొచ్చిన పదిమంది తారల్లో ఈవిడ ఉంది. అప్పటికి ఇరవై రెండేళ్లు. 'పదిమంది జెండా సంఘం' అని పేరు పెట్టుకున్నారు, సెత్సుకో హరా కూడా అందులో ఉంది. వీళ్ల చుట్టూనే 1947లో షింతోహో అనే కొత్త కంపెనీ పుట్టింది. అక్కడ తోహోలో గొడవ ముదిరి ముదిరి 1948 ఆగస్టుకి స్టూడియో చుట్టూ అమెరికన్ సైన్యం ట్యాంకులు వచ్చి నిలబడ్డాయి. రానిది యుద్ధనౌక ఒక్కటే అని జపాన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అంటే తోటి పనివాళ్లు గేటు లోపల కూర్చుంటే ఈవిడ గేటు బయటికి వచ్చేసింది. పనిచేసే మనిషి, కష్టజీవి అని నేను పొగిడేటప్పుడు ఈ సంగతి మింగేస్తే అది మోసం. యుద్ధం రోజుల్లో జపాన్ సైనికుల ముందు పాడింది, ఓడిపోయాక అమెరికన్ సైనికుల ముందు పాడింది, అది కూడా ఉంది. ఇవన్నీ తప్పులని లెక్క రాయడం నా ఉద్దేశం కాదు. అయినా సమ్మె విషయం దగ్గర నాకు సమాధానం దొరకలేదు. బయటికి వచ్చినందువల్ల ఆమెకి మేలే జరిగింది, అది మాత్రం నిజం. తర్వాత ఆమె ఏ స్టూడియోకీ కట్టుబడకుండా ఉండిపోయింది. 1951లో అన్నీ వదిలేసి ఒక్కతే పారిస్ వెళ్లి నెలల తరబడి అక్కడే ఉండి వచ్చింది. 1953లో ఐదు పెద్ద కంపెనీలు ఒక ఒప్పందం చేసుకుని ఒకరి నటుల్ని ఇంకొకరు తీసుకోకుండా తలుపులు బిగించేసుకుంటే, ఈవిడ మాత్రం షోచికులో కినోషితాకి, తోహోలో నరుసేకి, ఇంకా వేరే కంపెనీల్లో వేరే వాళ్లకి చేస్తూ పోయింది. ఆ కాలంలో అలా తిరగగలిగినవాళ్లు అతి కొద్దిమంది. 1954లో కినెమా జుంపో అనే సినిమా పత్రిక వేసిన ఉత్తమ సినిమాల జాబితాలో మొదటి రెండు సినిమాలూ ఆమెవే, రెండూ కినోషితావే. 'ఏడుగురు సమురాయ్‌లు' మూడో స్థానంలో ఉంది. (అది తీసిన కురోసావాతో ఆమె చిన్నప్పటి ప్రేమ సంగతి అందరూ రాసేదే, నేను రాయను.)

ఆ మొదటి సినిమాయే పంతులమ్మది. బడి మొహం చూడనివ్వని బాల్యం నుంచి వచ్చిన మనిషి దేశం మొత్తానికి ఇష్టమైన టీచరయింది. పన్నెండుమంది పిల్లలు, ఇరవై నాలుగు కళ్లు. 1928లో సైకిలెక్కి బడికి వచ్చే కుర్ర టీచరు, యుద్ధం మింగేసినవాళ్లు పోగా మిగిలినవాళ్ల మధ్య 1946లో కూర్చుంటుంది. పుస్తకాలిచ్చిన ఆ స్టేషన్ టీచరు నాకు ఆ సినిమా అంతా కనబడుతూనే ఉంటాడు. ఇది మాత్రం నా ఊహ, ఆమె అన్నది కాదు.

ఇష్టం లేనివాళ్లు ఇంత పట్టించుకుంటారా

వదినకి ఇదంతా ఫోన్లో చెప్పాను. అంతా విని, "ఇష్టం లేదని చెప్పుకోడానికి కూడా ఒక స్థాయి ఉండాలమ్మాయ్. మేం అంటే నోటీసిస్తారు" అంది. నిజమే. ఆవిడకి ఒక్కో సినిమాకి వచ్చే డబ్బు మామూలు ఉద్యోగికి ఎన్నేళ్లకి వస్తుందో. పెళ్లి చేసుకున్న జెంజో మత్సుయామా అప్పటికి కినోషితా దగ్గర అసిస్టెంట్ డైరెక్టరు, అతని జీతం ఆమె పారితోషికం పక్కన చిల్లర. మహా నటి 'నాకిది ఇష్టం లేదు' అంటే ముచ్చటగా ఉంటుంది, గుమాస్తా అంటే ఉద్యోగానికి ఎసరొస్తుంది. ఈ తేడా నేను ఒప్పుకుంటున్నాను.

ఇంకో అనుమానం కూడా ఉంది. ఇష్టం లేనివాళ్లు చేసే పనిలా ఉండదు ఆమె పని. మెట్ల సినిమాలో కాస్ట్యూమ్స్ చూసుకున్నది ఆమే, టైటిల్స్‌లో పేరు కూడా పడుతుంది. చేతిలో డబ్బు తరిగిపోతున్నా కిమోనో మాత్రం తగ్గకూడని బార్ యజమానురాలు ఎలాంటి పట్టు కడుతుందో, ఏ రంగు కడితే పరువుగా ఉంటుందో, అదంతా కూర్చుని ఆలోచించింది. నరుసేతో కలిసి స్క్రిప్టు ముందేసుకుని, ఈ మాట అక్కర్లేదు, ఇదీ అక్కర్లేదు అని డైలాగులు కొట్టేసేవాళ్లట. తన డైలాగులు తనే కొట్టించుకునే తారని మనం ఎక్కడన్నా చూశామా? నరుసే సెట్లో నోరు విప్పని మనిషి, బాగుంది బాగోలేదు అని కూడా అనడు. అలాంటాయనతో పదిహేడు సినిమాలు చేసింది.

'ఉకిగుమో' ముచ్చట నాకు మరీ ఇష్టం. యుద్ధకాలంలో ఇండోచైనాలోని దలాత్‌లో పరిచయమైన పెళ్లయిన మగాడి వెంట, ఓడిపోయిన టోక్యోలో, చివరికి యకుషిమా దీవిదాకా తిరిగి తిరిగి వర్షంలో ప్రాణం వదిలే యుకికో పాత్ర. ఇది నావల్ల కాదు, నాకు రాదు అని ఆమె గట్టిగా అనుకుంది. రాదని వాళ్లకి ఎలా తెలియాలి? స్క్రిప్టు మొత్తం తన గొంతుతో చదివి టేపులో రికార్డు చేసి పంపించింది, చూడండి ఎంత ఘోరంగా ఉందో అని. వాళ్లేమో, అబ్బ, ఎంత ఉత్సాహం అనుకున్నారు. ఆ సినిమా 1955లో కినెమా జుంపో జాబితాలో మొదటిది.

పని తప్పించుకోడానికి కూడా స్క్రిప్టు మొత్తం చదివే మనిషి ఆవిడ! నాలుగు పేజీలు చదివి పంపినా సరిపోయేది కదా. ఇక్కడే నాకు ముడి విడింది అనిపిస్తుంది. మనం ఇష్టాన్నీ శ్రద్ధనీ ఒకటే అనుకుంటున్నాం. ఈవిడ దగ్గర ఇష్టం ఉందో లేదో కానీ శ్రద్ధ మాత్రం భయపెట్టేంత ఉంది. పైగా ఇష్టం ఉన్నవాళ్ల నటనలో ఒక్కోసారి ఆ ఇష్టమే తెర మీదికి వచ్చి కూర్చుంటుంది, చూడండి నేనెంత లీనమయ్యానో అన్నట్టు. తకమినే మొహంలో అది లేకపోబట్టే మిగతా వాటికి చోటు దొరికింది. లెక్కకి, అలసటకి, మెట్ల కింద సర్దుకున్న ఆ మొహానికి.

వెళ్లిపోయినావిడ, ఉండిపోయినావిడ

సెత్సుకో హరా పేరు ఎత్తాను కదా. ఆమె కూడా ఈ పని నాకు ఇష్టమై చేయలేదు, ఇంటివాళ్ల కోసం చేశాను అనే అర్థం వచ్చేలా చెప్పి 1960ల మొదట్లో సినిమాలు మానేసింది. కామకురాలో తలుపేసుకుంది, 2015లో పోయేదాకా కెమెరా ముందుకి రాలేదు. ఇద్దరిదీ దాదాపు ఒకటే ఫిర్యాదు. కానీ హరాది పురాణమైపోయింది. ఎందుకు వెళ్లిందో, డైరెక్టరు ఓజు మీద ప్రేమేనేమో అని ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. తకమినే ఏం చేసింది? మర్నాడు మళ్లీ పనికి వెళ్లింది. దాని మీద పురాణం ఎవరు రాస్తారు?

నేను హరాని తక్కువ చేయడం లేదు. వెళ్లిపోవడానికి కూడా గుండె ఉండాలి. కానీ పదిమంది సినిమా మిత్రులు కూర్చుంటే హరా గురించి గంట మాట్లాడతాం, తకమినే గురించి 'ఆఁ, ఆవిడా బాగా చేస్తుంది' అంటాం. ఈ 'ఆవిడా' నాకు ఒళ్లు మంటెత్తిస్తుంది. ఇంట్లో రోజూ వంట చేసే మనిషిని ఎవరూ పొగడరు, పండక్కి వచ్చి ఒక్క స్వీటు చేసిన చుట్టాన్ని పొగుడుతారు. అలా ఉంది.

నరుసే 1969లో పోయాడు. పోయే ముందు ఆమెతో ఒక సినిమా ఆలోచన చెప్పాడట: సెట్లు వద్దు, రంగులు వద్దు, వెనక తెల్లటి తెరలు మాత్రం, వాటి ముందు మనుషులు. నువ్వు చేస్తావా అని అడిగాడట. అది తీయలేకపోయాడు. తర్వాత ఆమె సినిమాలు బాగా తగ్గించేసింది, వ్యాసాలు రాసుకుంది, పెద్ద ఇల్లు కొట్టించేసి చిన్నది కట్టుకుంది. 2010 డిసెంబరులో 86వ ఏట పోయింది. 

మొన్న ఆదివారం వదిన మళ్లీ వచ్చింది. ఈసారి 'మిదరేరు' పెట్టాను, 1964 నాటిది, రాసింది మత్సుయామా. యుద్ధంలో భర్త పోయిన రెయికో అత్తవారి కిరాణా కొట్టుని పద్దెనిమిదేళ్లు నిలబెడుతుంది. పక్కన సూపర్ మార్కెట్ వచ్చి కోడిగుడ్డు ఐదు యెన్‌లకి అమ్మడం మొదలెడుతుంది. వదిన లేచి కూర్చుంది, "ఐదుకి ఎలా ఇస్తార్రా" అని. తనకంటే పదకొండేళ్లు చిన్నవాడైన మరిది నిన్ను ప్రేమిస్తున్నానంటాడు. ఆమె ఇల్లు వదిలి రైలెక్కితే వెంట వస్తాడు. ఒక కొండ ఊళ్లో వేడినీటి బుగ్గల దగ్గర దిగుతారు. అక్కడ సత్రంలో ఆమె ఒక కాగితాన్ని సన్నటి తాడులా పేని అతని వేలికి కడుతుంది. తెల్లారి కిటికీలోంచి చూస్తే ఎవర్నో స్ట్రెచర్ మీద మోసుకుపోతున్నారు, చాప కప్పి. చాప బయటికి ఒక చెయ్యి వేలాడుతోంది, వేలికి ఆ కాగితం తాడు. 

పరుగెత్తుతుంది. జుట్టు చెదిరిపోయి, వీధి వెంట పరుగెత్తి పరుగెత్తి, అందుకోలేక ఆగిపోతుంది. కెమెరా మొహం మీదే. ఏడుపు లేదు. ఊపిరి ఎగపీలుస్తోంది, కళ్లు ముందుకి చూస్తున్నాయి, అంతలో మొహంలో ఏదో సర్దుకోవడం మొదలవుతుంది, అది ఏమిటో మనకి తెలిసేలోపు సమాప్తం అని పడుతుంది.

"అదేంటి, అయిపోయిందా?" అంది వదిన.

అయిపోయింది అన్నాను.

"వెనక్కి పెట్టు ఒకసారి" అని రిమోట్ నా చేతిలోంచి తనే తీసుకుంది. మూడుసార్లు చూసింది. తర్వాత లేచి వెళ్లి మర్నాటికి కావలసిన చీర ఇస్త్రీ చేసుకుంది, సోమవారం కదా.